ఆ కాగితం ఇంకా చెల్లుతుందా, మేడమ్?

ఇది, తాను గే అని, అంటే తనకి మగవాళ్లంటేనే ఇష్టమని, అమ్మానాన్నలకి చెప్పిన ఒక అబ్బాయి కేసు. దీన్ని రాయడానికి ఆ అబ్బాయి దగ్గరా, వాళ్ల అమ్మానాన్నల దగ్గరా సంతకంతో అనుమతి తీసుకున్నాను. ఎవరికీ పేరు పెట్టలేదు. ఊరు, చదువు, ఉద్యోగం వివరాలు కొన్ని మార్చాను. తండ్రి కువైట్‌లో పనిచేస్తారన్న సంగతి మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఈ కేసే ఉండదు.

నేను బెంగళూరులో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మాది హిందూపురం. కె.ఆర్.పురం వైపు ఒక చిన్న క్లినిక్‌లో వారానికి నాలుగు రోజులు కూర్చుంటాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఉండే పిల్లలు, రాయలసీమ నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇక్కడ దిగే తల్లిదండ్రులు. ఈ పని తెలుగులో చేసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. మనం చదివిన పుస్తకాలన్నీ ఇంగ్లీషువి, మన ముందు కూర్చునేవాళ్ల భయాలన్నీ తెలుగువి. ఈ కేసులో నేను మొదట తడబడింది అక్కడే.

మొదటి రోజు

2024 జూన్ మూడో వారం, శనివారం పొద్దున. ముగ్గురూ వచ్చారు. అబ్బాయికి 26 ఏళ్లు, ఇక్కడే ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. మార్చిలో సంబంధాలు చూస్తున్నారని తెలిసి, అమ్మానాన్నలకి ఫోన్‌లో నిజం చెప్పేశాడు. తనకి అమ్మాయిల మీద ఆ ఇష్టం లేదనీ, ఎప్పుడూ లేదనీ. ఆ వారమే అతన్ని ఊరికి పిలిపించి, వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టించి, మూడు నెలలు ఇంట్లోనే ఉంచారు. తండ్రి కువైట్ నుంచి సెలవు పెట్టుకుని దిగారు.

తల్లి చేతిలో కడప బట్టల షాపు ప్లాస్టిక్ కవరు ఒకటి ఉంది. కూర్చోగానే దాన్ని టేబుల్ మీద బోర్లించింది. ప్రిస్క్రిప్షన్లు, రక్తపరీక్షల రిపోర్టులు, ఇంజెక్షన్ల బిల్లులు, వాటి మధ్యలో నాలుగు మూలలా పసుపు రాసిన జాతకం.

"అన్నీ ఇందులోనే ఉండాయి మేడమ్. ఏది కావాలంటే అది చూడండి" అంది.

చూశాను. వాళ్ల వైపు ఒక టౌన్లో ఒక డాక్టరు మూడు నెలలు 'వైద్యం' చేశారు. నిద్రమాత్రలు, వారానికొక హార్మోన్ ఇంజెక్షన్. హార్మోన్ పరీక్ష రిపోర్టు కూడా అదే కవర్లో ఉంది. అది పూర్తిగా నార్మల్. నార్మల్ అని రిపోర్టు వచ్చిన మర్నాడే మొదటి ఇంజెక్షన్ పడింది. చివరి చీటీ అడుగున పెళ్లి చేయమని సలహా. ఆ చీటీ చూసి నాకు చాలా కోపం వచ్చింది. 2021 జూన్ 7న మద్రాస్ హైకోర్టు ఇలాంటి 'మార్పు చికిత్స', అంటే ఈ ఇష్టాన్ని మారుస్తామనే వైద్యం, చేసేవాళ్ల మీద చర్య తీసుకోమని చెప్పింది. ఆ తీర్పును అనుసరించి 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ దీన్ని వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది. రెండేళ్లయినా ఆ మాట ఆ టౌన్‌ దాకా చేరలేదు.

తండ్రి ఒక్క ప్రశ్నే అడిగారు. "నయమవుతుందా మేడమ్? శ్రావణంలో నిశ్చితార్థం పెట్టుకున్నాం."

నేను నాకు తెలిసిందంతా చెప్పడం మొదలుపెట్టాను. 1973లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం స్వలింగ ప్రేమని జబ్బుల జాబితా నుంచి తీసేసిందని, 1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తీసేసిందని, మన దేశంలో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో ఇది జబ్బు కాదని స్పష్టంగా చెప్పిందని. ప్రతి మాటా నిజమే. తండ్రి మర్యాదగా అంతా విన్నారు. విని, "అంటే మందు లేదంటారు" అన్నారు. తల్లి కాగితాలు ఒక్కొక్కటే కవర్లో సర్దడం మొదలుపెట్టింది. జబ్బు కాదు అని నేను చెప్తే వాళ్లకి చేతులెత్తేసినట్టు వినపడింది. జబ్బయితే ఆశ ఉంటుంది. జబ్బు కాకపోతే మరేంటి, అన్న ప్రశ్న వాళ్లని ఇంకా భయపెట్టింది.

వాళ్లు వెళ్లిపోకుండా ఆగింది ఆ మధ్యాహ్నం అబ్బాయితో విడిగా మాట్లాడి బయటికి వచ్చి నేను చెప్పిన ఇంకో మాట వల్ల: "అన్నా, మీవాడు నిద్రపోవట్లేదు, తినట్లేదు, బతకాలన్న ఆశ సన్నగిల్లింది. దానికి వైద్యం ఉంది. ముందు అది చేద్దాం."

అది అతను చెప్పమన్నాకే చెప్పాను. డిప్రెషన్ కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూలో 27కి 18 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న, చనిపోవాలనిపించడం గురించినది, దగ్గర ఆగిపోయి చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. ఆలోచన ఉంది, ప్రయత్నం లేదు. ఆ రోజే భద్రత కోసం ఒక ప్లాన్ రాసుకున్నాం. రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, ఏ వస్తువులు గదిలో ఉండకూడదు, ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్‌లైన్ టెలీ మానస్ 14416. తెలుగులో మాట్లాడొచ్చు, ఏ వేళైనా. మా సైకియాట్రిస్టు హార్మోన్ ఇంజెక్షన్లు, పాత నిద్రమాత్రలు ఆపించి, డిప్రెషన్‌కి ఒక మందు మొదలుపెట్టారు. ఈ మందు దిగులుకే గానీ అతని ఇష్టాన్ని మార్చడానికి కాదని తండ్రికి రెండుసార్లు చెప్పాను, తర్వాత కాగితం మీద తెలుగులో రాసిచ్చాను.

అబ్బాయి చెప్పిన చరిత్ర

మామూలుగా చరిత్ర తీసుకునేటప్పుడు పుట్టుక, చదువు, స్నేహాలు అన్న వరసలో వెళ్తాం. ఇతను తారీకులతో చెప్పాడు. అవి కోర్టు తారీకులు.

2013 డిసెంబరు 11. పదో తరగతి. ట్యూషన్ నుంచి వచ్చి అన్నం తింటుంటే టీవీలో కింద స్క్రోలింగ్. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు నేరం కాదన్న స్వలింగ సంబంధాలని సుప్రీంకోర్టు మళ్లీ నేరం చేసింది. అతనికి అప్పటిదాకా అది నేరమని గానీ, 2009లో నేరం కాకుండా పోయిందని గానీ తెలియదు. తన గురించి తనకి అప్పుడప్పుడే అర్థమవుతున్న వయసు. అర్థమైన వారంలోనే అది 377 అనే నంబరున్న నేరమని తెలిసింది. ఆ సెక్షన్ కింద అప్పట్లో పదేళ్లు, లేదా యావజ్జీవం దాకా శిక్ష పడే వీలుండేది. "అన్నం ముద్ద నోట్లోనే ఉండిపోయింది మేడమ్. అమ్మ ఏమైందిరా అంటే కారం అన్నాను."

2018 సెప్టెంబరు 6. బీటెక్ హాస్టల్. అయిదుగురు జడ్జిల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ సెక్షన్‌ని పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలకి వర్తించకుండా చేసింది. గదిలో మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ జోకులేసుకుంటున్నారు. ఇతను బకెట్ తీసుకుని బాత్రూమ్‌కి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు. ఆ బెంచిలో జస్టిస్ ఇందు మల్హోత్రా, ఈ మనుషులకీ వాళ్ల కుటుంబాలకీ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలన్న అర్థంలో రాశారు. అతను ఆ పేరా ఫోటో తీసి పెట్టుకున్నాడు. ఆరేళ్లయినా ఫోన్లో ఉంది, నాకు చూపించాడు.

2023 అక్టోబరు 17. పెళ్లి హక్కు ఇవ్వలేమని సుప్రీంకోర్టు చెప్పిన రోజు. అప్పటికి అతనికి రెండేళ్లుగా ఒక స్నేహితుడు ఉన్నాడు. ఆ నెలలోనే ఆ స్నేహితుడు ఇంట్లో చూసిన సంబంధానికి ఒప్పుకున్నాడు. తీర్పుకీ దానికీ సంబంధం ఉందో లేదో ఇతనికీ తెలియదు. కానీ రెండూ ఒకే నెలలో జరిగాయి కాబట్టి మనసులో ఒకటే అయిపోయాయి. దిగులు అక్కడే మొదలైంది.

ఫోన్లో ఇంకో సంగతి ఉంది. నోట్స్‌లో దేశాల జాబితా. ఎక్కడ నేరం కాకుండా పోయిందో అక్కడ ఒక టిక్కు. బోట్స్‌వానా 2019, భూటాన్ 2021, సింగపూర్ 2022, బార్బడోస్ 2022, మారిషస్ 2023. "డొమినికా ఏప్రిల్‌లో అయింది. నమీబియా ఈ నెలలోనే మేడమ్, ఇప్పుడే" అన్నాడు. మొదటి రోజు మొత్తంలో అతని ముఖంలో కాస్త వెలుగు చూసింది అప్పుడే. కింద ఇంకో జాబితా. 2023లో ఉగాండా చేసిన చట్టం, అందులో కొన్ని సందర్భాలకి మరణశిక్ష. 2024 ఏప్రిల్‌లో ఇరాక్, 15 ఏళ్ల దాకా జైలు. ఇప్పటికీ 60కి పైగా దేశాల్లో ఇది నేరం. రాత్రి నిద్ర పట్టనప్పుడు ఆ రెండు జాబితాలూ చూసుకుంటూ ఉంటానన్నాడు.

ఇది ఆశా, భయమా అని నేను చాలా ఆలోచించాను. రెండూను. ఎక్కడో నమీబియాలో ఒక కోర్టు గెలిస్తే ఇతనికి ఒక రాత్రి నిద్రపట్టేది. ఇరాక్ వార్త వస్తే వారం పట్టేది కాదు. ప్రపంచమంతా ఎక్కడేం జరుగుతుందో కాపలా కాసే మనసు అలిసిపోతుంది. జాబితా తీసేయమని చెప్పలేదు. రాత్రి పదింటి తర్వాత చూడొద్దని మాత్రం ఒప్పందం చేసుకున్నాం.

తండ్రి భయం

మూడు సెషన్లు తండ్రి నాతో పెద్దగా మాట్లాడలేదు. నాలుగోసారి తల్లి ఒంట్లో బాగాలేక రాలేదు. అబ్బాయి బయట కూర్చున్నాడు. అడగడానికి నా దగ్గర కొత్త ప్రశ్న ఏమీ లేదు. కువైట్‌లో పని ఎలా ఉంటుందని అడిగాను.

22 ఏళ్లుగా ఒకే ఇంట్లో హౌస్ డ్రైవర్. కఫీల్, అంటే అక్కడ వీసాకి పూచీ ఉండే యజమాని, మంచివాడు. అకామా, అంటే అక్కడ ఉండటానికి అనుమతి, ఏటా టైముకి చేయిస్తాడు. ఇంకో రెండేళ్లు చేసి వచ్చేద్దామనుకున్నారు. కొడుక్కి కూడా అక్కడే ఒక ఆఫీసు ఉద్యోగం మాట్లాడి ఉంచారు. ఇలా చెప్తూ చెప్తూ ఆగారు. తర్వాత, నేను అడక్కుండానే:

"చానా ఏండ్ల కిందట మేముండే బిల్డింగులో పైన ఇద్దరు పిల్లోళ్లు ఉండేవాళ్లు మేడమ్. మనోళ్లు కాదు. ఒకరోజు తెల్లారుజామున పోలీసులొచ్చి తీసుకుపోయినారు. ఎందుకని అడిగితే చెప్పినారు. వాళ్ల చెప్పులు మెట్ల మీదే ఉండిపోయినాయి. వారం రోజులు ఎవరూ తీయలేదు. నేనూ తీయలేదు. దాటుకుంటా పోయినాను. మావాడు ఫోన్లో ఆ మాట చెప్పినప్పుడు నాకు ఆ చెప్పులే కనపడినాయి."

అప్పటిదాకా నేను పరువు గురించి, పెళ్లి గురించి, మనవళ్ల గురించి మాట్లాడుతూ వచ్చాను. ఈ మనిషి భయం పరువు కాదు. జైలు. కువైట్‌లో 1960 నాటి శిక్షాస్మృతి 193వ అధికరణం ఇద్దరు పెద్దవాళ్లయిన మగవాళ్ల ఇష్టపూర్వక సంబంధానికి ఏడేళ్ల దాకా జైలు వేస్తుంది. ఆయన 22 ఏళ్లు ఆ చట్టం కింద బతికారు. గల్ఫ్ మెడికల్‌లో, అంటే అక్కడి వీసా కోసం చేసే ఆరోగ్య పరీక్షల్లో, దీన్ని కనిపెడతారని కూడా విన్నారట. ఆ మాట గాలి కబురు కాదు. 2013లో కువైట్ ఆరోగ్యశాఖ అధికారి ఒకరు అలాంటి పరీక్ష పెట్టాలని ప్రతిపాదించారు, వార్తల్లో వచ్చింది. అలా కనిపెట్టే పరీక్ష వైద్యంలో లేదు, ఉండదు. కానీ పదకొండేళ్లుగా ఆయన మనసులో ఆ మాట ఉండిపోయింది. హార్మోన్ పరీక్ష చేయించిన డాక్టరు దగ్గరికి ఆయన కొడుకుని ఎందుకు తీసుకెళ్లారో నాకు అప్పుడు అర్థమైంది.

నేను అడిగాను: "అన్నా, ఇక్కడ, మన దేశంలో, దీనికి జైలుందా?"

"ఉండదా?" అన్నారు ఆయన.

2018 తీర్పు ఆయనకి తెలియదు. అప్పుడు అక్కడున్నారు. ఎవరు చెప్తారు? అబ్బాయికి ఆ తీర్పులో పేరాలు కంఠతా వచ్చు. అదే ఇంట్లో తండ్రికి ఆ తీర్పు వచ్చిందనే తెలియదు. ఇద్దరి మధ్యా రోజూ ఫోనుంది, ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకుంటారు.

నేను చెప్పాను. ఆయన నమ్మలేదు. మాట మీద నమ్మకం లేక కాదు. అకామా, సివిల్ ఐడీ, వీసా స్టాంపు, వీటి మీద 22 ఏళ్లు బతికిన మనిషి. "కాగితం ఉందా మేడమ్?" అన్నారు.

తర్వాతి వారం కాగితం తెచ్చాను. 2018 సెప్టెంబరు 6 తీర్పులో చివరి ఆదేశం ఉన్న పేజీలు. ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయన కుర్చీ నా పక్కకి లాక్కున్నారు. నేను వేలు పెట్టి ఒక్కో లైనూ తెలుగులో చెప్పాను. 'వయసొచ్చిన ఇద్దరు, ఇష్టపడి, చాటుగా ఉంటే అది నేరం కాదు.' ఆయన ఆ లైను కింద నా పెన్నుతో గీత గీయించుకున్నారు. సంతకాలు ఎక్కడున్నాయని అడిగారు. అయిదుగురి పేర్లూ చదివి వినిపించాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. అప్పటికి మూడు వారాల కిందటే, జులై 1న, కొత్త భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, అందులో 377 అనే సెక్షనే లేదు. (ఇది పూర్తిగా సంతోషించే విషయం కాదు. బలవంతానికి గురైన మగవాళ్లకీ, ట్రాన్స్ వ్యక్తులకీ పాత సెక్షన్ కింద ఉన్న రక్షణ కూడా దాంతో పోయింది. ఆ ఖాళీ పూడ్చాల్సిందే. ఆ రోజు ఆయనకి అదంతా చెప్పలేదు.)

ఆయన ఆ కాగితాలని నాలుగు మడతలు పెట్టి, జేబులోంచి పాస్‌పోర్టు కవరు తీసి, పాస్‌పోర్టుకీ అట్టకీ మధ్య దోపుకున్నారు. నేను కంగారుపడి, "అన్నా, కువైట్‌కి పోయేటప్పుడు మాత్రం ఇది ఇంట్లో పెట్టి పోండి" అన్నాను. ఆయన నా వైపు చూసి, "తెలుసు మేడమ్" అన్నారు. తర్వాత: "అయితే వాణ్ణి అక్కడికి రానీయను."

కొడుకుని మార్చాలన్న పట్టు ఆయన వదిలింది ఆ రోజే. సమ్మతించడం అప్పుడే కాలేదు, అది వేరే సంగతి. ఈ కేసులో మలుపు నా కౌన్సెలింగ్ మెళకువ ఏదీ కాదు. ఒక దేశం తన చట్టం మార్చుకుందన్న కబురు ఒక తండ్రికి ఆరేళ్లు ఆలస్యంగా, తెలుగులో, వేలు పెట్టి చదివి చెప్పడం.

అప్పటి నుంచి ఇలాంటి కుటుంబాలు వస్తే మొదటి సెషన్‌లోనే ఒక ప్రశ్న అడుగుతున్నాను: "ఈ విషయంలో మీకు పోలీసుల భయం ఏమైనా ఉందా?" ఎంతమంది ఉందన్నారో! చట్టం మన పని కాదు, లాయర్ల పని అనుకునే కౌన్సెలర్లకి నా మనవి ఒకటే. అడిగి చూడండి.

ఆయనకి నేను చట్టం మారింది కాబట్టి అంతా బాగుందని చెప్పలేదు. డేటింగ్ యాప్‌లలో పరిచయమై, ఇంట్లో చెప్తామని బెదిరించి డబ్బులు గుంజడం ఇక్కడ ఉంది. అలా జరిగితే డబ్బులివ్వకుండా ఫిర్యాదు చేయొచ్చని తండ్రీకొడుకులిద్దరికీ కలిపి చెప్పాను. ఇక పెళ్లి హక్కు లేదని చెప్పినప్పుడు తండ్రి ముఖంలో కొంచెం నెమ్మది, కొడుకు ముఖంలో నొప్పి, రెండూ ఒకేసారి చూశాను.

జడ్జి గారి కథ

తండ్రికి బాగా పట్టిన విషయం ఇంకొకటి ఉంది. మద్రాస్ హైకోర్టు కేసు. మదురై నుంచి ఇద్దరమ్మాయిలు ఇంట్లోంచి వెళ్లిపోయి చెన్నై చేరారు. తల్లిదండ్రులు కనబడటం లేదని కేసు పెట్టారు. అమ్మాయిలు రక్షణ కోసం కోర్టుకొచ్చారు. ఆ కేసు జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ముందుకి వచ్చింది. ఆయన తనకి ఈ విషయం సరిగ్గా తెలియదని ఒప్పుకుని, తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆ తర్వాత తీర్పు రాశారు. తల్లిదండ్రుల్ని కూడా కౌన్సెలింగ్‌కి పంపారు.

"జడ్జి గారే పోయినారా?" అని తండ్రి రెండుసార్లు అడిగారు. తనని తక్కువ చేసి ఇక్కడికి పంపలేదన్న ధైర్యం ఆయనకి ఆ కథతో వచ్చింది. ఆ తర్వాత ఒక్క సెషన్ మానలేదు.

అమ్మ

తల్లి దారి వేరు. "ఇవన్నీ ఫారిన్ అలవాట్లు మేడమ్, బెంగళూరు వచ్చి చెడినాడు" అన్నది ఆమె మాట. ఇది చాలామంది అంటారు. దీనికి నా దగ్గర ఒక జవాబు ఉండేది. బయటి నుంచి వచ్చింది ఆ చట్టం, మనుషులు కాదు. మెకాలే ముసాయిదాతో 1860లో తెల్లవాళ్లు మనకి శిక్షాస్మృతి పెట్టారు. అదే సెక్షన్‌ని, కొన్నిచోట్ల అదే నంబరుతో, సింగపూర్‌కీ మలేషియాకీ బర్మాకీ మోసుకెళ్లారు. మన కోరంగి రేవు నుంచి కూలి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్ల వారసులున్న మారిషస్‌లో, 2023 అక్టోబరు 4న సుప్రీంకోర్టు ఈ నేరాన్ని కొట్టేస్తూ, ఇది ఇక్కడి విలువల్లోంచి పుట్టిన చట్టం కాదు, బ్రిటిష్ వలస పాలన వదిలి వెళ్లింది అని చెప్పింది. ఆ తీర్పుకి మన 2018 తీర్పు కూడా ఒక ఆధారం. మన దగ్గర వెలిగిన దీపంతో అక్కడ ఇంకో దీపం వెలిగింది.

చెప్పాను. ఆమె వింది. ఏమీ అనలేదు. వాదన గెలిచినంత మాత్రాన తల్లి మనసు మారదు.

రెండు వారాల తర్వాత ఆమె తనంతట తాను, "మా అమ్మగారి ఊర్లో ఇద్దరక్కలు ఉండేవాళ్లు" అని మొదలుపెట్టింది. పెళ్లి చేసుకోకుండా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని, గేదెల్ని మేపుకుని బతికారు. ఒకామె పోయిన నెలకి రెండో ఆమె పోయింది. "ఎవరూ ఏమనలేదు మేడమ్. పేరు కూడా పెట్టలేదు. వాళ్లు అంతే అనుకునేవాళ్లం." అలా అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది. నేను ఏమీ కలపలేదు.

ఆమెకి ఇంకో తల్లిని పరిచయం చేశాను. చిత్తూరు వైపు ఆమె, కొడుకు గురించి ఆమెకి తెలిసి అయిదేళ్లు. తనలాంటి తల్లిదండ్రుల కోసం 'స్వీకార్' అనే తల్లిదండ్రుల సంఘం ఉందని, 2023లో పెళ్లి హక్కు కేసప్పుడు వాళ్లు 400 మందికి పైగా సంతకాలు చేసి ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారని నేను ముందే చెప్పి ఉన్నాను. ఆ రోజు ఇద్దరూ మా క్లినిక్ వెనక వరండాలో టీ తాగుతూ గంట కూర్చున్నారు. వడియాల గురించి, బీపీ మాత్రల గురించి, బెంగళూరు నీళ్ల గురించి మాట్లాడుకున్నారు. చివరి అయిదు నిమిషాల్లో ఈమె అడిగింది: "మీకు ఎన్నాళ్లు పట్టింది?" ఆమె, "ఇంకా పడతానే ఉంది" అంది. నా పద్నాలుగు సెషన్లలో ఏదీ ఆ ఒక్క మాటకి సరితూగదు.

మాట లేకపోవడం

ఇది కొంచెం విడిగా చెప్పాలి. ఈ కుటుంబం నెలల తరబడి 'అది' అనే మాటతోనే నడిపింది. 'అది ఎప్పటి నుంచి', 'అది పోతుందా'. తెలుగు ఇళ్లలో దీనికి మర్యాదైన మాట వాడుకలో లేదు. ఉన్నవి తిట్లు, సినిమాల్లో వెకిలి జోకులు. పేపర్లో వచ్చే 'స్వలింగ సంపర్కం' అన్న మాట నేరవార్తల పేజీకే సరిపోతుంది. సంపర్కం అనగానే మంచం మాటయిపోతుంది. కొడుకు గురించి తల్లి ఆ మాట ఎలా పలుకుతుంది? మగవాళ్లూ ఆడవాళ్లూ పెళ్లి చేసుకుంటే దాన్ని మనం సంపర్కం అనం కదా.

తమిళనాడు ప్రభుత్వం 2022లో కోర్టు సూచన మీద గౌరవంగా పిలిచే పదాల పట్టిక తయారుచేసి గెజిట్‌లో ప్రకటించింది. మనకీ అలాంటిది కావాలి. మా సెషన్లలో నేను 'స్వలింగ ప్రేమ' అని వాడాను, 'గే' అని కూడా వాడాను. అబ్బాయికి 'గే' హాయిగా ఉంది. తండ్రికి నోరు తిరగలేదు. తల్లి మాత్రం ఆ ఇద్దరక్కల దగ్గర్నుంచి తెచ్చుకున్న మాటనే కొడుక్కి పెట్టుకుంది: "మావాడు అంతే."

నిశ్చితార్థం

శ్రావణం దగ్గర పడుతుంటే నా టెన్షన్ అంతా ఆ అమ్మాయి గురించే. వాళ్ల బంధువుల పిల్ల, డిగ్రీ పాసైంది. ఆమెకి ఏమీ తెలియదు. పెళ్లి చేస్తే సర్దుకుంటుందని చీటీ మీద రాసిన డాక్టరు ఆ పిల్ల జీవితం గురించి ఒక్క క్షణమైనా ఆలోచించినట్టు లేదు. ఈ మాట తండ్రితో సూటిగా అన్నాను. ఆయనకి ఇద్దరు చెల్లెళ్లు. చాలాసేపు తల దించుకుని కూర్చున్నారు.

ఎలా చెప్పాలన్నది సమస్య. అబ్బాయి విషయం బయటపెట్టే హక్కు అబ్బాయిదే. అతను వద్దన్నాడు. చివరికి తండ్రే ఫోన్ చేసి, "మావాడికి ఇప్పుడు పెళ్లి ఇష్టం లేదు, తప్పు మాది, మీ పిల్లకి మంచి సంబంధం చూడండి" అన్నారు. అవతలి వాళ్లు నానా మాటలన్నారు. ఆయన పడ్డారు.

అదే వారం ఆయన నన్ను, కొడుకు విడిగా నాతో ఏం చెప్తున్నాడో రాసిన ఫైలు చూపించమని అడిగారు. కుదరదన్నాను. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 ప్రకారం ఆ రహస్యం అతని హక్కు. తండ్రికి కోపం వచ్చింది, రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఇవ్వనందుకు నాకు బాధలేదు. ఇచ్చి ఉంటే అబ్బాయి మళ్లీ నోరు తెరిచేవాడు కాదు.

ఇప్పుడు

ఏడు నెలల్లో పద్నాలుగు సెషన్లు. 2025 జనవరికి పీహెచ్‌క్యూ స్కోరు 6. మందు సైకియాట్రిస్టు సలహా మీద ఇంకొన్ని నెలలు నడిచింది. అబ్బాయి ఆగస్టులో బెంగళూరు తిరిగొచ్చాడు, పీజీ మార్చాడు. ఇతనిలాంటి వాళ్ల కోసం ఇక్కడ 1994 నుంచి నడుస్తున్న 'గుడ్ యాజ్ యూ' బృందం సంగతి చెప్పాను, రెండుసార్లు వెళ్లాడు. నోట్స్‌లో జాబితా ఇంకా ఉంది. 2025 మార్చిలో ట్రినిడాడ్‌లో అప్పీలు కోర్టు, 2018లో నేరం కాకుండా పోయినదాన్ని మళ్లీ నేరం చేసినప్పుడు, ఒక టిక్కు చెరిపి నాకు మెసేజ్ పెట్టాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదన్నాడు. కానీ మర్నాడు ఆఫీసుకి వెళ్లాడు. జులైలో సెయింట్ లూషియాకి కొత్త టిక్కు పడింది. అది కూడా పంపించాడు.

ఇంట్లో అంతా సర్దుకుపోలేదు. దసరాకి ఊరెళ్తే పిన్ని పెళ్లి మాటెత్తింది, తల్లి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తండ్రి కొడుకుతో ఈ విషయం నేరుగా ఇప్పటికీ మాట్లాడరు.

కానీ ఆయన నాకు ఫోన్ చేస్తారు. రెండు మూడు నెలలకొకసారి, శుక్రవారం, అక్కడ సెలవు రోజు. అక్కడి ఫోన్లో జాగ్రత్తగా మాట్లాడతారు, ఏ మాటా పేరు పెట్టి అనరు. కఫీల్ ఆరోగ్యం చెప్తారు, ఎండల గురించి చెప్తారు. చివర్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"ఆ కాగితం ఇంకా చెల్లుతుందా మేడమ్?"

"చెల్లుతుంది అన్నా."

"దానికి రెన్యువల్ ఏమన్నా ఉందా?"

"లేదన్నా. ఏటా చేయించే పని లేదు."

"అయితే సరే. మావాడు బక్కగైనాడని వాళ్లమ్మ చెప్పింది. ఈసారి వస్తే బాగా తినమనండి."